కంటికి కనబడని దుమ్ము ఎంత సైజుదో ఎండ ఎలా చెబుతుంది?



ఎండలు ముదిరాయంటే చాలు, బడి ఆఫీసు దగ్గర ఒకటే మాట వినబడుతుంది. "సార్, పిల్లకు దగ్గు తగ్గట్లేదు. ఈ దుమ్ము వల్లేనా?" దగ్గు సంగతి డాక్టరే చెప్పాలి. సైన్సు మాస్టరు మాత్రం తిరిగి ఇంకో ప్రశ్న అడుగుతాడు: ఏ దుమ్ము?

మనం దుమ్ము అని ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. మన సోలాపూర్ గాలిలో ఉండేది ఒక్క రకం కాదు. లారీ పోయినప్పుడు రోడ్డు మీద లేచే మట్టి ఒకటి. సాంచెల కార్ఖానాలో గాలిలో తేలే నూలు పీచు ఒకటి. బీడీలు చేసే ఇంట్లో చేట చుట్టూ ఉండే తంబాకు పొడి ఇంకొకటి. పొద్దున్నే ఎవరో చెత్తకుప్పకు నిప్పు పెడితే వచ్చే పొగ మరొకటి. ఇవన్నీ వేరువేరు చోట్ల నుంచి వస్తాయి. కానీ ఊపిరితిత్తుల దాకా ఏది పోతుంది, ముక్కులోనే ఏది ఆగిపోతుంది అన్నది చాలావరకు వాటి సైజు మీదే ఆధారపడుతుంది.

సైజులు చెప్పడానికి మిల్లీమీటరు పనికిరాదు. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. మన తలవెంట్రుక మందం సుమారు 50 నుంచి 100 మైక్రాన్లు. 10 మైక్రాన్ల కంటే పెద్ద రేణువులు ఎక్కువగా ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. చీదితే, దగ్గితే బయటికి వస్తాయి. 2.5 మైక్రాన్లకు లోపలివి ఊపిరితిత్తుల లోపలి గదుల దాకా చేరగలవు. వార్తల్లో వినే పీఎం 10, పీఎం 2.5 అనే మాటలకు అర్థం ఇదే. మన దేశంలో 24 గంటల సగటుకు పెట్టిన హద్దు పీఎం 10కి ఘనపు మీటరు గాలిలో 100 మైక్రోగ్రాములు, పీఎం 2.5కి 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5కి ఇచ్చిన సూచన ఇంకా కఠినం, 15 మాత్రమే.

ముక్కుకు దస్తీ కట్టుకుని బండి నడిపేవాళ్లు మనలో చాలామంది. రోడ్డు మట్టికి అది కొంత పనిచేస్తుంది. పొగకు మాత్రం దాదాపు పనిచేయదు, ఎందుకంటే పొగ రేణువు దస్తీ నేత సందుల కంటే ఎన్నో రెట్లు చిన్నది. నేత తెలిసిన ఇళ్లకు ఈ మాట వేరుగా చెప్పక్కర్లేదు. కాబట్టి గాలిలో దుమ్ము ఉందా లేదా అని తెలిస్తే చాలదు, ఎంత సైజుది ఉందో తెలియాలి. నేల నుంచి కొన్ని కిలోమీటర్ల ఎత్తు దాకా పరుచుకున్న గాలిలో, కంటికి కనబడని రేణువు సైజును ఎవరు కొలుస్తారు? ఏ జల్లెడతో?

ఆ జల్లెడ ఎండే. ఎండ రేణువుల మీద పడి ఎలా చెదురుతుందో చూసి సైజును లెక్కగడతారు. ఎలాగో వంటింటి నుంచి మొదలుపెడదాం.

అగరుబత్తి పొగ, ఇడ్లీ ఆవిరి

దేవుడి దగ్గర అగరుబత్తి వెలిగించినప్పుడు, వెనకాల చీకటిగా ఉన్న తలుపో గోడో ఉండేలా చూసి, పక్కనుంచి వెలుతురు పడనివ్వండి. కొస నుంచి లేచే పొగ కొద్దిగా నీలంగా కనబడుతుంది. ఇప్పుడు ఇడ్లీ కుక్కర్ మూత తీసినప్పుడు లేచే ఆవిరిని చూడండి. తెల్లగా ఉంటుంది, నీలం జాడే ఉండదు. రెండిటి మీదా పడింది ఒకే వెలుతురు. తేడా సైజుది. అగరుబత్తి పొగ రేణువులు చాలావరకు మైక్రాన్‌లో పదోవంతు నుంచి మూడు పదోవంతుల దాకా ఉంటాయి. ఆవిరి బొట్లు కొన్ని మైక్రాన్ల నుంచి పైకి.

వెలుగు అల లాంటిది. నీలం వెలుగు అల పొడవు సుమారు 0.45 మైక్రాన్, ఎరుపుది సుమారు 0.65. ఈ పొడవునే మీ సైన్సు పుస్తకం తరంగదైర్ఘ్యం అంటుంది. రేణువు ఈ పొడవు కంటే బాగా చిన్నదైతే, పొట్టి అలలను, అంటే నీలాన్ని, చాలా ఎక్కువగా చెదరగొడుతుంది. పొడుగు అలలను దాదాపు వదిలేస్తుంది. ఈ లెక్కను 1871లో ఇంగ్లండులో రేలీ చూపించాడు: తరంగదైర్ఘ్యం రెట్టింపైతే చెదరడం పదహారో వంతుకు పడిపోతుంది. గాలి అణువులు అంతకంటే ఎంతో చిన్నవి కాబట్టి వాటికి ఈ లెక్క సరిపోతుంది. నీలం ఎరుపుకంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. వాన వెలిసిన మర్నాడు ఆకాశం అంత నీలంగా ఉండేది అందుకే.

రేణువు పెరిగి అల పొడవుతో సమానమై, దాన్ని దాటిపోతే ఈ పక్షపాతం పోతుంది. ఇడ్లీ ఆవిరి బొట్టుకు నీలమూ ఎరుపూ ఒకటే. అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడుతుంది, అన్నీ కలిస్తే తెలుపు. మేఘం తెల్లగా ఉండేదీ, మే నెలలో మన ఆకాశం పాలిపోయినట్టు ఉండేదీ ఈ కారణంగానే.

అంటే రంగును బట్టి సైజు చెప్పవచ్చన్నమాట. స్వీడన్ శాస్త్రవేత్త ఆంగ్‌స్ట్రామ్ 1929లో దీన్ని ఒక చిన్న సంఖ్యగా మార్చాడు. ఇప్పటికీ వాతావరణ శాస్త్రవేత్తలు రోజూ వాడే సంఖ్య అది. కష్టమేమీ లేదు, తొమ్మిది పది తరగతుల వాళ్లు చేయగలిగిందే.

సూర్యుడి నుంచి నేరుగా వచ్చే వెలుగు దారిలో ఎంత పోయిందో ఒక్కో రంగులో కొలుస్తారు. ఆ నష్టాన్ని చెప్పే సంఖ్యను ఆప్టికల్ డెప్త్ అంటారు. మనం ఇక్కడ 'మసక' అందాం. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు మసక 0.60 అయితే నేరుగా రావాల్సిన వెలుగులో దాదాపు 55 శాతమే మనకు చేరుతుంది. మసక 0.30 అయితే దాదాపు 74 శాతం. ఈ మసకలో గాలి అణువుల వాటాను గాలి పీడనాన్ని బట్టి ముందే లెక్కగట్టి తీసేస్తారు. మిగిలింది రేణువులది.

ఇప్పుడు రెండు రంగులు తీసుకోండి. ఒకటి 0.44 మైక్రాన్ల నీలం. రెండోది 0.87 మైక్రాన్లది, కంటికి కనబడని పరారుణం. రెండోదాని పొడవు మొదటిదానికి దాదాపు రెట్టింపు. నీలంలో మసక 0.60 ఉండి, రెట్టింపు పొడవు దగ్గర 0.30కి, అంటే సగానికి, దిగిందనుకోండి. ఆంగ్‌స్ట్రామ్ సంఖ్య 1. నాలుగో వంతుకు, 0.15కు దిగితే 2. దిగకుండా 0.60 దగ్గరే ఉండిపోతే సున్నా. గాలి అణువులకైతే పదహారో వంతు, కాబట్టి 4. పొగకు ఈ సంఖ్య సాధారణంగా ఒకటిన్నర, రెండు దగ్గర ఉంటుంది. ఎడారి మట్టికి సున్నాకు దగ్గర. సంఖ్య పెద్దదైతే రేణువు చిన్నది. తిరగేసినట్టు ఉంటుంది కదా, పరీక్షలో చాలామంది పొరబడేది ఇక్కడే.

అయితే సంఖ్య 1 వచ్చిందనుకోండి. గాలిలో మధ్యరకం సైజు రేణువులే ఉన్నాయా? లేక సగం పొగ, సగం మట్టి కలిసి సగటు 1 అయిందా? పొడుగు పిల్లలూ పొట్టి పిల్లలూ ఉన్న క్లాసు సగటు ఎత్తు చెబితే ఎవరెంత ఎత్తో తెలియనట్టే. ఒక్క రంగు సాక్ష్యం చాలదు. రెండో సాక్షి కావాలి.

ఆటో అద్దం చెప్పే సాక్ష్యం

సాయంత్రం పడమటి వైపు పోయే ఆటోలో ముందు కూర్చుంటే అద్దం మీది దుమ్ము కళ్లు చెదిరేలా మెరుస్తుంది. ఎదురుగా రోడ్డు కనబడదు. అదే ఆటో వెనక్కి తిరిగి తూర్పుకు పోతుంటే అద్దం శుభ్రంగా ఉన్నట్టే ఉంటుంది. దుమ్ము ఎక్కడికీ పోలేదు. పెద్ద రేణువు తన మీద పడ్డ వెలుగులో ఎక్కువ భాగాన్ని ముందుకే, వచ్చిన దారినుంచి కొద్దిగా మాత్రమే వంచి పంపుతుంది. పక్కలకూ వెనక్కీ పంపేది తక్కువ. అందుకే సూర్యుడు ఎదురుగా ఉంటేనే ఆ మెరుపు. చిన్న రేణువు అలా కాదు, ముందుకూ వెనక్కూ దాదాపు సమానంగానే పంచుతుంది.

ఆకాశంలోనూ ఇదే జరుగుతుంది. గాలిలో పెద్ద రేణువులు ఉన్నప్పుడు సూర్యుడి చుట్టూ తెల్లటి మెరుపు ముసురుకుని ఉంటుంది. సూర్యుడి నుంచి దూరం జరిగే కొద్దీ ఆ మెరుపు ఎంత త్వరగా తగ్గుతుందో కొలిస్తే రేణువు ఎంత పెద్దదో తెలుస్తుంది. పెద్ద రేణువుల మెరుపు సూర్యుడికి దగ్గరగా బిగుసుకుని ఉంటుంది, మధ్యరకం వాటిది విశాలంగా పరుచుకుంటుంది. రేణువులన్నీ ఒకే సైజులో ఉంటే ఇంకా మంచిది. అప్పుడు మెరుపు చివర ఎర్రటి అంచు గల వలయం కడుతుంది.

సూర్యుడి వైపు చూడొద్దు. అది చందమామతో చూడాల్సిన పని. పున్నమికి అటూ ఇటూ, పల్చటి మేఘం చందమామ మీదుగా పోతున్నప్పుడు చుట్టూ ఒక తెల్లటి పళ్లెం, దాని చివర ఇటుక రంగు అంచు కనబడుతుంది. చందమామ వెడల్పు అర డిగ్రీ. దాన్నే కొలబద్దగా వాడండి. చందమామ మధ్య నుంచి ఆ అంచు దాకా ఎన్ని చందమామలు పడతాయో అంచనా వేయండి. 76ను ఆ సంఖ్యతో భాగిస్తే మేఘంలోని బొట్టు వ్యాసం మైక్రాన్లలో వస్తుంది. నాలుగు చందమామల దూరం ఉంటే బొట్టు సుమారు 19 మైక్రాన్లు. ఎనిమిది ఉంటే తొమ్మిదిన్నర. వలయం పెద్దదైతే బొట్టు చిన్నది. కిలోమీటర్ల ఎత్తున ఉన్న నీటిబొట్టును, తలవెంట్రుకలో నాలుగో వంతు ఉన్నదాన్ని, మిద్దె మీద నిలబడి కొలిచేశారన్నమాట. భూతద్దం కూడా అక్కర్లేదు.

ఇంట్లో పెద్దవాళ్లు ఇక్కడ ఒక మాట అడగవచ్చు. "గుడి కట్టడం అంటే ఇదేనా?" దూరంగా గుడి కడితే వాన దగ్గర, దగ్గరగా కడితే వాన దూరం అని మన తాతలు, అవ్వలు అంటారు కదా. ఆ దూరపు పెద్ద గుడి వేరు. అది చందమామ నుంచి సుమారు 22 డిగ్రీల దూరంలో, చాపిన చేతికి రెండు పిడికిళ్లకు కొంచెం పైన కడుతుంది. ఎత్తున ఉన్న మంచు పలుకుల్లోంచి వెలుగు వంగడం వల్ల వచ్చేది. దాని దూరం ఎప్పుడూ ఒకటే, పలుకు సైజు చెప్పదు. గుర్తుపట్టడం తేలిక: పెద్ద గుడికి ఎరుపు లోపలి వైపు ఉంటుంది, మనం కొలిచే చిన్న వలయానికి బయటి వైపు.

ఈ వలయంతోనే ఒక పెద్ద అగ్నిపర్వతం బూడిద సైజు పట్టుకున్నారు. 1883 ఆగస్టు చివర ఇప్పటి ఇండోనేషియాలోని క్రకటోవా బద్దలైంది. కొన్ని రోజులకే పసిఫిక్ మధ్యలోని హొనొలులులో బిషప్ అనే ఆయన సూర్యుడి చుట్టూ ఇటుక రంగు అంచున్న పెద్ద వలయం చూసి రాశాడు. ఇప్పటికీ దాన్ని బిషప్ వలయం అంటారు. సూర్యుడి నుంచి ఇరవై డిగ్రీలకు పైగా దూరం. పైన చెప్పిన భాగహారమే ఇక్కడా చేస్తే రేణువు ఒకటి నుంచి రెండు మైక్రాన్లు వస్తుంది. ఆకాశంలో అంత ఎత్తుకు పోయి పట్టి తేగల విమానమే అప్పటికి లేదు.

అదే సెప్టెంబరులో మద్రాసులో, దక్షిణ భారతంలో ఇంకా చాలా చోట్ల సూర్యుడు ఆకుపచ్చగా కనబడ్డాడు. మద్రాసులో భౌతికశాస్త్రం చెప్పే మిచీ స్మిత్ ఆ వెలుగును రంగులుగా విడదీసి చూసి రాసిపెట్టాడు. తర్వాత కొడైకెనాల్ సూర్య పరిశోధనశాలకు మొదటి డైరెక్టరు ఈయనే. 1950 సెప్టెంబరు 26న స్కాట్లండులో సూర్యుడు నీలంగా కనబడ్డాడు. కెనడా అడవుల మంటల పొగ అట్లాంటిక్ దాటి అక్కడికి చేరింది. పొగ రేణువు చిన్నదైతే నీలాన్ని చెదరగొట్టి సూర్యుణ్ణి ఎర్రగా చేయాలి కదా? మామూలుగా అంతే. కానీ రేణువులు దాదాపు ఒకే సైజులో, మైక్రాన్ దగ్గరగా ఉంటే లెక్క తిరగబడుతుంది, ఎరుపే ఎక్కువ చెదురుతుంది. సూర్యుడి రంగే సైజు చెప్పేసిన అరుదైన సందర్భాలు ఇవి.

పుణెలో తిరిగే గొట్టం

మన దగ్గర రోజూ ఈ పని చేసే యంత్రం పుణెలోని ఐఐటీఎంలో ఉంది. భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ అని దాని పూర్తి పేరు. 2004 నుంచి నడుస్తోంది. ఫ్రాన్సులో తయారైన చిన్న గొట్టాల జంట అది, మెడ తిప్పే బొమ్మలా ఉంటుంది. కాన్పూర్ ఐఐటీలోనిది ఇంకా పాతది, 2001 నాటిది. ఇవన్నీ నాసా నడిపే ప్రపంచవ్యాప్త కొలతల వలలో భాగం, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఇస్రో తిరువనంతపురం శాస్త్రవేత్తలు సొంతంగా చేసిన యంత్రాలూ ఉన్నాయి. విశాఖపట్నం, అనంతపురం, హైదరాబాదుల్లో అవి కొలతలు తీశాయి.

గొట్టం మొదట సూర్యుణ్ణే నేరుగా చూసి ఒక్కో రంగులో మసక కొలుస్తుంది. తర్వాత ఆకాశాన్ని చూస్తుంది. సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో అదే ఎత్తులో ఆకాశం చుట్టూ ఒక గుండ్రటి గీత ఊహించుకోండి. గొట్టం ఆ గీత వెంబడి తిరుగుతూ, సూర్యుడి పక్క నుంచి వెనక వైపు దాకా, నాలుగు రంగుల్లో వెలుగు కొలుస్తూ పోతుంది. అదే ఎత్తు ఎందుకంటే, ఆ గీత మీద ఎక్కడ చూసినా మధ్యలో ఉన్న గాలి మందం ఒకటే. మారేది సూర్యుడి నుంచి కోణం ఒక్కటే. ఒకటి మారేటప్పుడు మిగతావి మారకుండా చూసుకోవాలని ప్రయోగాల పీరియడ్‌లో చెప్పేది ఇదే.

ఈ పని పొద్దునా సాయంత్రమే బాగా కుదురుతుంది. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఆ గీత చిన్న గుండ్రం అయిపోతుంది, పెద్ద కోణాలు దొరకవు. మేఘం అడ్డొస్తే అసలే కుదరదు. అందువల్ల జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ గొట్టాలకు దాదాపు సెలవులే.

అసలు కష్టం కొలిచాక మొదలవుతుంది. సాంచెల కార్ఖానా బయట నిలబడి చప్పుడు విని లోపల ఎన్ని సాంచెలు నడుస్తున్నాయో చెప్పమంటే చెప్పగలరా? లోపల ఎన్ని ఉన్నాయో ముందే తెలిస్తే ఎంత చప్పుడు వస్తుందో చెప్పడం తేలిక. చప్పుడు నుంచి వెనక్కి రావడం కష్టం. గోడకు ఆనుకున్న నాలుగూ, దూరంగా ఉన్న పదీ ఒకేలా వినబడవచ్చు. ఇక్కడా అంతే. ఒక సైజు గుండ్రటి రేణువు ఏ రంగును ఏ కోణంలో ఎంత చెదరగొడుతుందో 1908లోనే జర్మనీకి చెందిన మీ అనే శాస్త్రవేత్త పూర్తిగా లెక్క చేసి పెట్టాడు. ఆయన పట్టించుకున్నది ఆకాశాన్ని కాదు, నీటిలో తేలే బంగారు రేణువుల రంగును. ఆ లెక్క ముందుకు నడుస్తుంది. మనకు కావాల్సింది వెనక్కి.

దానికి కంప్యూటరు చేసేది మన వంటవాళ్లు చేసేదే. కొంచెం వేసి రుచి చూడటం, మళ్లీ సరిచేయడం. 0.05 నుంచి 15 మైక్రాన్ల దాకా వ్యాసార్ధాన్ని 22 మెట్లుగా విడగొడతారు. ఒక్కో మెట్టులో ఇంత ఉందనుకుని, ఆకాశం ఎలా కనబడాలో లెక్కగట్టి, గొట్టం చూసినదానితో పోలుస్తారు. తేడా ఉంటే మెట్లు సవరిస్తారు. తేడా కొలత దోషమంత చిన్నదయ్యేదాకా అదే పని. ఈ పద్ధతిని దూబోవిక్, కింగ్ అనే ఇద్దరు 2000లో ప్రచురించారు. ఊరికే వదిలేస్తే కంప్యూటరు అర్థంలేని జవాబులూ ఇస్తుంది, ఒక మెట్టులో కొండంత, పక్క మెట్టులో మైనస్ అంటుంది. అందుకని రెండు షరతులు పెడతారు: రేణువుల పరిమాణం సున్నాకంటే తగ్గకూడదు, పక్కపక్క మెట్ల మధ్య హఠాత్తుగా ఎగుడుదిగుళ్లు ఉండకూడదు. మట్టి రేణువులు గుండ్రంగా ఉండవు కాబట్టి వాటికి బియ్యపు గింజలా సాగిన ఆకారాలు కూడా లెక్కలో వేస్తారు.

చివరికి వచ్చే గ్రాఫుకు చాలా రోజుల్లో రెండు మూపురాలు ఉంటాయి. ఒకటి మైక్రాన్‌లో ఒకటి రెండు పదోవంతుల దగ్గర, అది పొగ, పొయ్యి, బండ్లు, కార్ఖానా. రెండోది రెండు మూడు మైక్రాన్ల దగ్గర, అది మట్టి, సముద్రపు ఉప్పు. కాన్పూర్‌లో చలికాలంలో మొదటి మూపురం లేస్తుంది. రాజస్థాన్ వైపు నుంచి మట్టి కొట్టుకొచ్చే ఏప్రిల్, మే, జూన్‌లలో రెండోది లేస్తుంది. పుణెలోనూ వేసవిలో పెద్ద రేణువుల వాటా పెరుగుతుంది, చలికాలంలో చిన్నవాటిది. ఇందాక 'ఏ దుమ్ము?' అని అడిగింది ఈ రెండు మూపురాల గురించే.

మన ఊరి ఆకాశం, మన చేతి మీటరు

మన సోలాపూర్‌కూ రేణువుల సైజుకూ ఇంకో బంధం ఉంది. మనది వాననీడ ప్రాంతం. 2018, 2019 వర్షాకాలాల్లో ఐఐటీఎం వాళ్లు ఇక్కడే మకాం వేసి, విమానంతో మేఘాల్లో నీటిని పీల్చే లవణ రేణువులు చల్లి పరీక్షించారు. మేఘంలో చిన్న రేణువులు మరీ ఎక్కువైతే ఉన్న నీటిని అన్నీ పంచుకుని ఏ బొట్టూ కిందపడేంత పెద్దది కాదు. కొన్ని పెద్ద రేణువులు తోడైతే వాటి చుట్టూ బొట్లు త్వరగా పెరుగుతాయి. ఆ విమానంలో బొట్లను కొలిచే పరికరాలు కూడా చెదిరిన వెలుగునే కొలుస్తాయి, ఎండకు బదులు లేజర్ వాడతాయి.

ఈ మధ్య కొందరు తల్లిదండ్రులు ఆన్‌లైన్‌లో చిన్న గాలి మీటర్లు కొని ఇంట్లో పెట్టుకుంటున్నారు. లోపల ఉన్నది అదే కిటుకు, ఒక చిన్న లేజర్, పక్కన వెలుగు పట్టే కన్ను. వాటిని నమ్మేముందు రెండు సంగతులు గుర్తుంచుకోండి. మంచు పట్టిన పొద్దున్న రేణువులు తేమ తాగి ఉబ్బుతాయి, మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పెద్ద మట్టి రేణువులను అవి సరిగా పట్టలేవు, కాబట్టి మే నెల దుమ్ముగాలిలో తక్కువ చూపించవచ్చు. మీటరు తక్కువ చూపించింది కదా అని దుమ్ముగాలిలో పిల్లలను ఆటకు పంపొద్దు.

పుణె గొట్టానికీ హద్దులున్నాయి. అది నేల నుంచి పైదాకా ఉన్న గాలి మొత్తాన్ని కలిపి చూస్తుంది. రెండు కిలోమీటర్ల ఎత్తున పోయే మట్టీ, మన ముక్కు దగ్గరి పొగా దానికి ఒకటే లెక్క. 0.05 మైక్రాన్ల కంటే చిన్నవి వెలుగును పెద్దగా చెదరగొట్టవు, అవి దానికి కనబడవు. ఊపిరితిత్తులకు మాత్రం అవీ చేరతాయి. మూసి ఉన్న గదిలో తంబాకు పొడి సంగతి, నూలు పీచు సంగతి ఆకాశం వైపు చూసే గొట్టం అసలే చెప్పదు. నూలు దుమ్ముతో ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లకు బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. ఆకాశం నీలంగా ఉంది కదా అని కార్ఖానా కిటికీలు మూసుకుని పనిచేస్తే లాభం లేదు. ఇల్లు ఊడ్చేముందు నీళ్లు చిలకరించడం, బీడీ చేట దగ్గర పసిపిల్లలను కూర్చోబెట్టకపోవడం లాంటివి ఏ యంత్రం లేకుండానే చేయవచ్చు.

ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఆకాశం నోట్‌బుక్ ఒకటి పెట్టండి. పొద్దున బడికి వచ్చే వేళ, సాయంత్రం ఇంటికి పోయే వేళ, రోజుకు రెండుసార్లు చాలు. సూర్యుడు ఏదైనా బిల్డింగ్ వెనక పూర్తిగా దాగి ఉండాలి, మీరు ఆ నీడలోపల బాగా వెనక్కి నిలబడాలి. అంచు దగ్గర సూర్యుడు తొంగిచూసే చోట నిలబడొద్దు. నల్ల కళ్లద్దాలు, ఎక్స్‌రే ఫిల్ము, ఫోను కెమెరా ఏవీ సూర్యుడి వైపు తిప్పొద్దు. చిన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు పక్కన ఉంటే ఈ పని అసలు చేయొద్దు, వాళ్లు మిమ్మల్ని చూసి సూర్యుణ్ణి చూస్తారు.

బిల్డింగ్ అంచు పైన తెల్లటి మెరుపు ఎన్ని పిడికిళ్ల దాకా ఉందో రాయండి. చేయి పూర్తిగా చాపితే పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. సూర్యుడికి ఎదురు దిక్కున ఆకాశం నీలమా, బూడిద రంగా, పాలిపోయి ఉందా రాయండి. పక్కనే ఆ రోజు జరిగింది కూడా: దుమ్ముగాలి లేచిందా, ఎక్కడైనా చెత్త కాల్చారా, ముందురోజు వాన పడిందా. దీపావళి వారం, హోలీ వారం తప్పకుండా రాయండి.

నోట్‌బుక్ శనివారం సైన్సు పీరియడ్‌కు తీసుకురావాలి. చందమామ చుట్టూ ఇటుక రంగు అంచు కనబడిన రాత్రి ఎన్ని చందమామల దూరమో రాసుకోండి, ఎరుపు లోపల ఉందో బయట ఉందో కూడా. భాగహారం క్లాసులో అందరం కలిసి చేద్దాం.